ఒక్కడే నడపాల్సిన కారు

ఎలీషాకు కోపం వస్తే నోరు లేవదు, చేతికి గుడ్డ వస్తుంది. ఆ గుడ్డతో కారు తుడుస్తాడు. రాయపూర్ డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీలో అతని క్వార్టరు ముందు నిలబడే ముదురు నీలం ఎస్టీమ్ తళతళలాడుతోందంటే, ఆ వారం అతను ఎంతగా పళ్ళు కొరుక్కున్నాడో ఇరుగుపొరుగు ఇట్టే చెప్పేస్తారు. కొన్న నాటి నుంచి ఇచ్చేసే నాటి వరకు ఆ కారు తళతళలాడుతూనే ఉంది. దాన్నిబట్టి మిగతాది మీరే ఊహించుకోవచ్చు.

అతని తండ్రి కోటయ్య పాలకొండ వైపు నుంచి వచ్చి రైల్వే వ్యాగన్ మరమ్మతు షాపులో ఖలాసీగా చేరాడు. ఎలీషా పుట్టింది రాయపూర్ రైల్వే ఆసుపత్రిలోనే. వీధిలో హిందీ, ఇంట్లోనూ తెలుగు చర్చిలోనూ తెలుగు, కోపంలో రెండూ. తండ్రి షాపులోనే అతనూ అప్రెంటిస్‌గా చేరి బ్రేకు ఫిట్టరయ్యాడు. గూడ్సు వ్యాగను పక్కన చిన్న పిడి ఒకటి ఉంటుంది. ఒకవైపు తిప్పితే ఖాళీ, మరోవైపు తిప్పితే లోడు. బొగ్గు నింపుకున్న వ్యాగనుకు బ్రేకు గట్టిగా పడాలి, ఖాళీ వ్యాగనుకు మెత్తగా పడాలి. ఖాళీ బండిని లోడు మీద పెట్టి పంపితే చక్రాలు పట్టేసి, పట్టాల మీద జారి, ఒక పక్కన చదునుగా అరిగిపోతాయి. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఎలీషా మొదటి రోజున చెప్పే మాట ఇదే. చెప్పి ఊరుకోడు, మర్నాడు మళ్ళీ అడుగుతాడు కూడా.

కార్ల పిచ్చి పట్టుకున్నది మాత్రం ఒక బస్సులో. పదో తరగతి సెలవుల్లో చర్చివాళ్ళు పిల్లలందర్నీ జగ్దల్‌పూర్‌లో యువజన కూటాలకు తీసుకెళ్ళారు. సీటు దొరక్క ఎలీషా డ్రైవరు పక్కన ఇంజను డబ్బా మీద కూర్చున్నాడు. కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాటీ మొదలైంది. అడవిలోంచి కొండ మీదికి మెలికలు తిరుగుతూ ఎక్కే దారి. నోట్లో పాన్ వేసుకున్న ఆ డ్రైవరు ఒక్కో మలుపుకు ముందు గేరు దించి, స్టీరింగు చక్రాన్ని రెండు చేతులా తిప్పి, వదిలేస్తే అది తనంతట తాను అరచేతుల్లోంచి జారుకుంటూ వెనక్కి తిరిగింది. ఎలీషా నోరు తెరుచుకుని చూశాడు. కూటాల్లో ఏం చెప్పారో అతనికి ఒక్క ముక్క గుర్తులేదు. ఆ చక్రం వెనక్కి తిరగడం మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు చెబుతాడు.

ఇక్కడొక చిక్కుంది. రాయపూర్ చుట్టూ ఎటు వెళ్ళినా నేల బల్లపరుపు, రోడ్డు గీత గీసినట్టు సూటి. బిలాస్‌పూర్ దారి సూటి, దుర్గ్ దారి సూటి. మలుపుల మీద మనసు పడ్డవాడు మలుపుల్లేని ఊళ్ళో పుట్టడం కంటే అన్యాయం ఉండదని అతని వాదన. వినే ఓపిక ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు కాబట్టి ఆ వాదన తెలీబంధాలో యోగేష్ గరాజుకు చేరేది. యోగేష్ తరతరాల రాయపూర్‌వాడు, మెకానిక్కు, ఎలీషాకు చిన్ననాటి స్నేహితుడు. సాయంత్రం పూట నలుగురు చేరి, చాయ్ తాగుతూ, లోకంలో అన్నిటికంటే గొప్ప కారు ఏదన్న సంగతి తేల్చేవాళ్ళు. అది ఏ సాయంత్రమూ తేలలేదు.

"ఇంజను, భాయ్. దమ్ము ఉండాలి. తొక్కితే వీపు సీటుకు అంటుకోవాలి," అనేవాడు యోగేష్.

"దమ్ము లారీకీ ఉంటుంది," అనేవాడు ఎలీషా. "బండి తేలిగ్గా ఉండాలి. చక్రం పట్టుకుంటే కింద గులకరాయి ఏ టైరు కిందికి వచ్చిందో అరచేతికి తెలియాలి. గేరు వేస్తుంటే వేలితో వెన్నలోకి దించినట్టు పడాలి. మలుపులో తిప్పమన్నంతే తిరగాలి, ఎక్కువా తక్కువా కాదు. ఏసీ ఎందుకు, పాటలెందుకు? ఇంజను మాట్లాడుతుంటే మధ్యలో పాటలేమిటి? వెనక సీటు అసలు కారులో భాగమే కాదు యోగేష్. అమ్ముకోవడం కోసం పెడతారు. గొప్ప కారంటే నడిపేవాడు ఒక్కడే ఉండాల్సిన కారు."

ఈ చివరి మాట అతను ఎన్నిసార్లు అన్నాడో, యోగేష్ అన్నిసార్లూ నవ్వాడు. మీరు దీన్ని గుర్తుపెట్టుకోండి.

రెండువేల తొమ్మిదిలో అతను ఎస్టీమ్ కొన్నాడు. వాడిన బండే, కానీ చక్కగా వాడిన బండి. ఒంటికి తేలిక, ఇంజను ఉత్సాహంగా గొంతెత్తేది, ఎలీషా చెప్పే గుణాలన్నీ ఉన్నాయి. యోగేష్ గరాజు నుంచి కాలనీ దాకా ఒక్కడే నడుపుకుంటూ వచ్చాడు. దారిలో ఒక్కటే మలుపు, అదీ రైలు గేటు దగ్గర. ఆ ఒక్క మలుపుకే అతని ఒళ్ళు పులకరించింది. వచ్చే శనివారం కేశ్‌కాల్ వెళ్ళాలని ఆ క్షణాన్నే తీర్మానించుకున్నాడు.

శనివారానికి ముందు ఆదివారం వచ్చింది. ఆ చర్చిలో ఎవరు ఏ బండి కొన్నా ముందు ప్రార్థన చేయించాలి. బండి గుడి ముందు పెడతారు. పాస్టరు ఏలియాగారు బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. తర్వాత కొన్నవాడు నిలబడి సాక్ష్యం చెప్పాలి. అందరూ చెప్పే సాక్ష్యం ఒక్కటే: ఈ బండి నాది కాదు, ప్రభువుది, ఆయన పనికే వాడతాను. అంతా స్తోత్రం అంటారు, లడ్డూ తింటారు, ఎవరి బండి మీద వాళ్ళు ఇంటికి పోతారు. స్కూటర్ల విషయంలో ఆ మాట వల్ల ఎవరికీ నష్టం జరగలేదు, ఎందుకంటే స్కూటరు మీద ఇంకొకరికే చోటుంటుంది.

ఎలీషాది ఆ సంఘంలో మొట్టమొదటి కారు. పైగా అతని గుండె నిండిపోయి ఉంది. ఖలాసీ కొడుకు కారు కొన్నాడని తండ్రి కోటయ్య ముందు వరసలో కూర్చుని తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. ఎలీషా నలుగురిలో నిలబడి మాట్లాడే అలవాటు లేని మనిషి, ఎక్కడ ఆపాలో తెలియలేదు.

"ఈ కారు నాది కాదు, ప్రభువుది," అన్నాడు. అక్కడ ఆగితే సరిపోయేది. "సంఘంలో ఎవరికి ఎప్పుడు కావాలన్నా ఇది మీ కారే. రాత్రనక పగలనక నన్ను అడగండి. కాదంటే దేవుడే నన్ను అడుగుతాడు."

గుడి దద్దరిల్లేలా స్తోత్రం అన్నారు. అతని భార్య సుప్రియ మాత్రం అనలేదు. ఆమె నర్సు, ఒక మాట వల్ల ముందు ముందు ఏం జరుగుతుందో చూడగలదు. సోమవారం పొద్దున పళ్ళు తోముకుంటూ ఎలీషా తలుపు తీసేసరికి మరియమ్మ చేతిలో సంచితో కారులో కూర్చోడానికి సిద్ధంగా నిలబడి ఉంది. తల్లి లేని ఎలీషాకు ఆమె వరసకు పిన్ని. కోటయ్యతో పాటు పాలకొండ నుంచి వచ్చిన కుటుంబమే.

"కంటి డాక్టరు కాడికెల్లాలి బాబూ. మోవాలో ఉన్నాడంట. బండి ఉండగా ఆటో ఎందుకు, నువ్వు అన్నావు కదా," అంది.

అలా మొదలైంది. పెళ్ళికూతుళ్ళు, పురిటి నొప్పులు, స్టేషనుకు పోయే చుట్టాలు, బీర్‌గావ్‌లో ఫ్యాక్టరీ పనివాళ్ళ ఇళ్ళల్లో జరిగే ప్రార్థనలు, హార్మోనియం, డోలు, క్రిస్మస్‌కు బిర్యానీ గిన్నెలు, ఒకసారి గుడి మరుగుదొడ్డికి సిమెంటు బస్తాలు. కొత్తగా పెళ్ళయిన జంటను బీర్‌గావ్ నుంచి తీసుకురమ్మంటే పెళ్ళికొడుకు తరఫు పెద్దలు ఆరుగురు వెనక సీట్లో ఇరుక్కున్నారు. జంటకు చోటు చాలక వధువు గేరు పక్కన కూర్చుంది. ఆ పూట ఎలీషా ప్రతి గేరూ ఆమె పట్టుచీరను క్షమాపణ అడిగి వేశాడు. ఇంటికొచ్చి రెండు బకెట్ల నీళ్ళతో కారు కడిగాడు.

కాదనలేడు. అదే అసలు బాధ. బుద్ధి తక్కువై అన్నాడో, సంతోషం ఎక్కువై అన్నాడో, దేవుడి ముందు అన్నాడు. ఎలీషా దేవుణ్ణి నమ్మేవాడు. నమ్మకపోతే ఎంత బాగుండేదని ఒకటి రెండుసార్లు అనుకుని, వెంటనే దానికీ క్షమాపణ అడిగాడు.

కేశ్‌కాల్‌కు అసలు వెళ్ళలేదా అంటే, ఒకసారి వెళ్ళాడు. శనివారం సెలవు పెట్టి, టాంకు నింపించి, కాలనీ గేటు దగ్గరికి వచ్చేసరికి పాస్టరుగారు కనిపించారు. జగ్దల్‌పూర్‌లో కూటాలున్నాయి, దేవుడే నిన్ను పంపించాడు బ్రదర్, అన్నారు. ఆయనతో పాటు డోలు వాయించే భీమారావు, మరియమ్మ, ఇంకా ముగ్గురు. ఘాటీ ఎక్కుతుంటే పాస్టరుగారు డాష్‌బోర్డు పట్టుకుని, "మెల్లగా బ్రదర్, మెల్లగా," అంటూనే ఉన్నారు. ముందు ఒక బొగ్గు లారీ. మరియమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి వాంతులు చేసుకుంది. కొండ కింద నుంచి పై దాకా రెండో గేరు, లారీ పొగ. అతను కలలో చూసుకున్న మలుపులన్నీ కళ్ళముందే ఉన్నాయి. అన్నంపళ్ళెం ముందు పెట్టి చెయ్యి కట్టేసినట్టయింది.

ఇంకోసారి కేశ్‌కాల్‌కని ధమ్తరి రోడ్డు ఎక్కబోతుంటే ఫోను మోగింది. పాటల బృందంలో పాడే షారోన్‌కు బిలాస్‌పూర్‌లో నర్సింగ్ పరీక్ష, రైలు తప్పిపోయింది. వెనక్కి తిప్పాడు. బిలాస్‌పూర్ దారి సూటిగా ఉంటుందని చెప్పాను కదా. ఆ పిల్ల పరీక్ష పాసయింది. సాక్ష్యంలో దేవుడికీ ఎలీషా అంకుల్‌కూ కృతజ్ఞతలు చెప్పింది. అంకుల్ ఆ రోజు చక్రాల మధ్య మట్టి కూడా బ్రష్షు పెట్టి తోమాడు.

ఇంతమంది ఎక్కడంతో కారు వెనక భాగం కిందికి దిగి, కాలనీ స్పీడుబ్రేకర్ల మీద పొట్ట గీసుకునేది. ఆ చప్పుడు వింటే ఎలీషాకు సొంత కడుపు గీసుకున్నట్టుండేది. యోగేష్ ఉపాయం చెప్పాడు. వెనక స్ప్రింగుల చుట్ల మధ్య గట్టి రబ్బరు రింగులు ఇరికిస్తే బండి పైకి లేస్తుంది, ఎనిమిదిమంది ఎక్కినా దిగదు. ఎలీషా తన చేతులతోనే వాటిని ఎక్కించాడు. వెనక టైర్లలో గాలి కూడా పెంచాడు. మర్నాటి నుంచి పొట్ట గీసుకోలేదు. ఆ ఒక్క విషయంలో అతనికి మనశ్శాంతి దొరికింది, తర్వాత ఆ రబ్బర్ల సంగతే మరిచిపోయాడు. డ్యూటీకి సైకిలు మీద పోయేవాడు, కారు తీసేదే జనం కోసం. పెట్రోలు బంకు దాకా తప్ప ఖాళీ కారు నడిపిన రోజు ఆ తర్వాత లేదు.

"మీకు కారు ఇష్టమా, కోపమా?" అని సుప్రియ ఒకసారి అడిగింది.

"కారు ఇష్టమే. ఎక్కేవాళ్ళ మీదే," అన్నాడు.

కరోనా రెండో విడత వచ్చిన ఏప్రిల్‌లో మాత్రం అతను ఒక్కసారి కూడా పళ్ళు కొరకలేదు. ఆసుపత్రులకు తిరిగాడు, మందులకు తిరిగాడు, కోటయ్యను తీసుకెళ్ళిన ఆసుపత్రి నుంచి తండ్రి లేకుండా తిరిగి రావాల్సి వస్తే వెనక సీట్లో భీమారావు కూర్చుని ఇల్లు చేరేదాకా మాట్లాడకుండా తోడు వచ్చాడు. ఆ సంగతి ఎలీషా ఎవరితోనూ చెప్పడు. నేనూ ఎక్కువ చెప్పను.

ఆ ఏడాదే కారుకు పదిహేనేళ్ళు నిండుతున్నాయి. రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవచ్చు, కానీ సుప్రియ ఒప్పుకోలేదు. ఎలాగూ ఊరంతటినీ మోస్తున్నారు, ఏడు సీట్లది తీసుకుంటే నా ప్రాణమైనా హాయిగా ఉంటుంది, అంది. బీర్‌గావ్ నుంచి ఒకాయన వచ్చి ఎస్టీమ్‌ను చూసుకుని, సోమవారం తీసుకెళ్తానని ఖాయం చేసుకున్నాడు. ఏడు సీట్ల బండి అంటే ఎలీషా లెక్కలో బస్సే, దానికి గొప్ప కారు అన్న మాటతో సంబంధం లేదు. ఇక మిగిలింది ఒకే ఒక్క శనివారం. ఆ శనివారం కేశ్‌కాల్ మలుపులు ఒక్కడే నడపకపోతే ఈ జన్మకు లేదు.

శుక్రవారం మరియమ్మ వచ్చింది.

"రేపు మా చెల్లెలి కూతురింటికి ఎల్లాలి బాబూ, బండి వస్తాదా?"

ఎలీషా జీవితంలో మొదటిసారి అబద్ధమాడాడు. "బండి యోగేష్ కాడ ఉంది పిన్నీ. రిపేరు."

కారు ఆమె వెనకే, క్వార్టరు పక్క సందులో, తాటిపత్రి పట్టా కప్పుకుని ఉంది. మరియమ్మ అటు తిరిగి చూడలేదు. "అయ్యో, ఏటైందో పాపం. ప్రార్థన చేస్తాను," అని వెళ్ళిపోయింది. ఆమె అటు వెళ్ళగానే ఎలీషా తాటిపత్రి అంచులు ఇంకాస్త కిందికి లాగాడు.

తెల్లవారగానే బయల్దేరాడు. సుప్రియ టిఫిన్ డబ్బా చేతికిచ్చి, "ఎవరైనా అడిగితే నాకేం తెలియదంటాను, వెళ్ళండి," అంది. ధమ్తరి దాటేవరకు అతనికి నమ్మకం కుదరలేదు, అద్దంలో వెనక సీటు వైపు చూస్తూనే ఉన్నాడు. ఖాళీ. కాంకేర్‌లో చాయ్ తాగాడు. దారిలో ప్రతి కల్వర్టు మీదా వెనక టైర్లు దడదడమని ఎగిరాయి. రోడ్డు పాడైంది అనుకున్నాడు. మనిషి సంతోషంలో ఉన్నప్పుడు తప్పు రోడ్డు మీదికి నెట్టడం తేలిక.

ఘాటీ మొదలైంది. వానలు వెలిసిన నెల, అడవి పచ్చగా ఉంది, ముందు ఒక్క లారీ లేదు. ఇంతకంటే ఏం కావాలి? మొదటి మలుపుకు గేరు దించి, చక్రం తిప్పాడు. ముందు టైర్లు తిరిగాయి. వెనక భాగం మాత్రం కుందేలులా ఎగిరి, పక్కకు జరిగింది. ఉలిక్కిపడి కాలు తీశాడు. మొదటిది కదా, నాదే తొందర అనుకున్నాడు. రెండో మలుపు మెల్లగా తీసుకున్నాడు. మళ్ళీ అదే ఎగురుడు, అదే జారుడు. అరచేతులకు తెలియాల్సిన గులకరాళ్ళ సంగతి దేవుడెరుగు, బండి నడుముకు మాత్రం ప్రతి గులకరాయీ తెలుస్తోంది. మూడో మలుపులో వెనక చక్రాలు ఏకంగా రోడ్డు వదిలి రక్షణ గోడ వైపు కొట్టుకుపోయాయి. ఎదురుగా వస్తున్న లారీవాడు హారను కొట్టి, తల బయటపెట్టి, నడపడం రానివాళ్ళు ఘాటీకి ఎందుకొస్తారని హిందీలో తల్లితో మొదలుపెట్టి తిట్టాడు. ఎలీషా తిరిగి తిట్టలేదు. వాడన్నది అతనికే నిజమనిపించింది. మిగతా ఘాటీ అంతా రెండో గేరులో ఎక్కాడు. ఈసారి ముందు బొగ్గు లారీ కూడా లేదు, ఆ సాకూ దక్కలేదు.

పైన అమ్మవారి గుడి దగ్గర బండి ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి చూశాడు. ఖాళీ కారు వెనక కాళ్ళ మీద నిక్కినట్టు నిలబడి ఉంది. వంగి చక్రం సందులోంచి చూస్తే స్ప్రింగు చుట్ల మధ్య నల్లగా రబ్బర్లు కనబడ్డాయి. అప్పుడు తెలిసింది. ఎనిమిదిమంది కోసం బిగించిన బండిని అతను ఒక్కడే ఎక్కి మలుపుల్లో తిప్పుతున్నాడు. ఖాళీ బండి, లోడు పిడి. షాపులో ఏటేటా కొత్తవాళ్ళకు వల్లెవేయించిన పాఠం. ఎలీషా అక్కడే రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని తనను తాను తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి తిట్టుకున్నాడు.

సరే, తీసేద్దాం అనుకున్నాడు. జాకీ పెట్టి చక్రం లేపాడు. రబ్బరు ఇనుముకు అతుక్కుపోయి రాయిలా ఉంది. పానాతో గుంజాడు, రాలేదు. స్క్రూడ్రైవరు పెట్టి పొడిస్తే స్క్రూడ్రైవరు వంగింది. తన్నాడు, కాలు నొప్పి పుట్టింది. గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మేవాడు వచ్చి, అమ్మవారికి ఒకటి కొట్టమని సలహా ఇచ్చాడు. ఎలీషా అతని వైపు చూసిన చూపుకు ఆ మనిషి తన కొబ్బరికాయల దగ్గరికి తిరిగి వెళ్ళిపోయాడు.

జాకీ దించి, చేతులు తుడుచుకుంటుండగా వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చూస్తే, ఒక ముసలమ్మ లోపలికెక్కి కూర్చుంటోంది. గుడికి కాస్త ఇవతల కాంకేర్ వెళ్ళే బస్సు ఆగిపోయి, జనం రోడ్డు మీద నిలబడి ఉన్నారు. ఆమె తన కాళ్ళ దగ్గర బుట్ట సర్దుకుని, "కాంకేర్ జాబో బేటా," అంది, కాంకేర్ వెళ్తున్నాం పద అన్నట్టు. అతను పిలవలేదు, ఆమె అడగలేదు. మరియమ్మకు ఇంకో చెల్లెలు ఉందంటే ఈమే అయి ఉంటుంది. ఆమె వెనకాలే ఆమె కొడుకు, కోడలు, కోడలి తల్లి, ఇంకెవరో ఇద్దరు. డిక్కీలో చింతపండు బస్తాలు పెట్టేశారు. చివరి శనివారం కూడా ఇంతేనన్నమాట. ఏడుపు రాలేదు కానీ అది ఒక్కటే తక్కువ. తలుపు ధడాలున వేసి బండి తీశాడు. కోపంలో గేరు దించకుండానే, మెల్లగా అనే మాట ఎవరూ అనకముందే, మొదటి దిగుడు మలుపులోకి వేగంగా దించేశాడు.

కారు తిరిగింది.

ఎగరలేదు, జారలేదు. వెనక భాగం బరువుగా కూర్చుని, ముందు భాగం చూపించిన దారినే వచ్చింది. చక్రం అతను తిప్పినంతే తిరిగి, వదిలేస్తే అరచేతుల్లోంచి జారుకుంటూ తనంతట తాను వెనక్కి వచ్చింది. రెండో మలుపుకు గేరు దించితే వేలితో వెన్నలోకి దించినట్టు పడింది. ఇంజను గొంతెత్తింది. ఎడమ ముందు టైరు కిందికి ఒక గులకరాయి వచ్చింది, ఆ సంగతి అతని ఎడమ అరచేతికి తెలిసింది. వెనక కోడలూ ఆమె తల్లీ ఏదో పెళ్ళి గొడవ గట్టిగా మాట్లాడుకుంటున్నారు, ముసలమ్మ "ధీరే చలా", మెల్లగా, అని భుజం మీద తడుతోంది, ఎవరో బీడీ వెలిగించారు. అతను ఏదీ పట్టించుకోలేదు. ఇంజను డబ్బా మీద కూర్చున్న పదో తరగతి ఎలీషా ఒక్కడే లోపల ఉన్నాడు. ఘాటీ అయిపోయాక కానీ తన చెంపలు తడిసి ఉన్నాయని గమనించలేదు. గొప్ప కారంటే ఇదే. సందేహమే లేదు. ఇది దిగడమే, ఎక్కడం ఇంకెంత బాగుంటుందో.

కాంకేర్ బస్టాండులో జనం దిగారు. ముసలమ్మ గుప్పెడు చింతపండు అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కారు వెనక భాగం మళ్ళీ నిక్కి నిలబడింది. ఇంకా మధ్యాహ్నమే. ఘాటీ దగ్గర్లోనే ఉంది. కావలసింది మనుషులు.

బస్టాండు ముందు నిలబడి, మొదట గొణిగాడు, తర్వాత జీపులవాళ్ళలా గొంతెత్తాడు. "కేశ్‌కాల్, కేశ్‌కాల్." ఒకాయన భార్యతో వచ్చి ఎంతని అడిగాడు. ఏమీ వద్దు, ఊరికే ఎక్కండి అన్నాడు ఎలీషా. ఆయన ఒకసారి అతని గ్రీజు చేతులనూ, అద్దంలా మెరుస్తున్న కారునూ చూసి, భార్య చెయ్యి పట్టుకుని గబగబా వెళ్ళిపోయాడు. ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు చూసి నవ్వుకుని దూరం జరిగారు. ఊరికే ఎక్కించుకునే కారు ఎవరికీ అక్కర్లేదు. పన్నెండేళ్ళు పిలవకుండా ఎక్కిన లోకం, పిలిస్తే ఒక్కరు రావడం లేదు. ఒక జీపువాడైతే, మా సవారీలను ఎత్తుకుపోతావా అని కొట్లాటకు వచ్చాడు.

చివరికి పక్కకు వచ్చి మరియమ్మకు ఫోను చేశాడు.

"పిన్నీ, కారు బాగయింది."

"అయిందా? స్తోత్రం. ప్రార్థన చేస్తానే ఉన్నాను."

"రేపు ఆరాధన అయ్యాక అందరం కేశ్‌కాల్ ఎల్దాం. నువ్వు రా, పాస్టరుగారినీ భీమారావునీ షారోన్‌నీ పిలు. బండి నిండా ఎల్దాం."

"ఆ ఘాటీ కాడికా? నాను రాను బాబూ, ఆ వాంతులు నా వల్ల కాదు," అంది మరియమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "అయినా నా కోసం ఎందుకురా? బండి కొన్న కాడినుండి అక్కడికి ఒక్కడివీ ఎల్లాలనే కదా నీ మనసు. నాకు తెల్దా? నిన్న వస్తన్నప్పుడే తాటిపత్రి కింద చూశాను బండిని. పోనీలే, ఎల్లి రానీ అనుకున్నాను. సోమవారం ఇచ్చేస్తన్నావంట కదా. రేపు మేమందరం ఆటోలో ఎల్తాం గుడికి, ఎవలూ బండి అడగొద్దని నాను చెప్పేశాను. నువ్వు ఒక్కడివీ ఎల్లిరా, నాయినా. హాయిగా ఎల్లిరా."

"వద్దు పిన్నీ, ఒక్కణ్ణీ వద్దు, నువ్వు రా," అన్నాడు ఎలీషా.

ఆమె అప్పటికే ఫోను పెట్టేసింది. అతను చేతిలోని చింతపండును డాష్‌బోర్డు మీద పెట్టాడు. జేబులోంచి గుడ్డ తీసి, తుడవడానికి ఏమీ లేని బానెట్టు మీద ఒకసారి రుద్దాడు. జగ్దల్‌పూర్ బస్సు ఒకటి వచ్చి ఆగింది, జనం దాని వైపు పరుగెత్తారు. ఎలీషా నాలుగు తలుపులూ బార్లా తెరిచిపెట్టి, వాళ్ళ వెనకే వెళ్తూ మళ్ళీ పిలవడం మొదలుపెట్టాడు.